సైరన్ ఆగే దాకా

జనవరి 10, 2005

ఈ రోజు మూడు డిస్కులు పాడయ్యాయి. తప్పు నాది కాదు. బర్న్ అవుతుండగా వెంకటరామారావు గారు వచ్చి పక్కన కూర్చుని పేకాట గేమ్ ఓపెన్ చేశారు. సీడీ రాస్తున్నప్పుడు ఆ కంప్యూటర్‌లో ఇంకేదీ తెరవకూడదని ఎన్నిసార్లు చెప్పినా, ఒక్క ఆటకే ఏమైపోతుందమ్మా పుష్పా, అంటారు. షాపు ఆయనది. కంప్యూటర్ ఆయనది. పేరు వాళ్ల అమ్మాయిది, దీపిక డిజిటల్స్. మణుగూరు బస్టాండ్ ఎదురుగా ఫొటోలు, వీడియో మిక్సింగ్, సీడీ రైటింగ్. సీడీ రైటింగ్ మాత్రం నా రాజ్యం.

నా పద్ధతులు నాకున్నాయి. ఎంపీత్రీలు తెచ్చి ఆడియో సీడీ చేయమంటే చేస్తాను కానీ, ఎంపీత్రీ చేసేటప్పుడు ఒకసారి తీసేసిన సౌండ్‌ను తిరిగి పెట్టడం నా వల్ల కాదని ముందే చెప్తాను. క్యాసెట్ అయితే డెక్ హెడ్‌ను దూదితో తుడిచాకే పెడతాను. లెవెల్ మీటర్ ఎర్రగీతను ముట్టకూడదు. చవక డిస్కు వాడను. డ్రైవ్ మీద 52 అని రాసి ఉన్నా స్పీడు ఎనిమిది దాటించను. అది బర్న్ అయ్యేంతసేపు మౌస్ కూడా ముట్టను. భద్రాచలం నుంచి కూడా మనుషులు వస్తున్నారంటే ఊరికే కాదు. ఫోన్‌లో వాళ్లంతా నన్ను సార్ అంటారు. నా గొంతు అలాంటిది. షాపుకొచ్చి నన్ను చూసి, సార్ లేడా మేడమ్, అని అడుగుతారు.

ఇంకో సంగతి. నా పెళ్లి కుదిరింది. అబ్బాయి పేరు బాబూరావు. అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో సూపర్‌వైజర్. ఏప్రిల్‌లో.

జనవరి 16, ఆదివారం

తండాకు వెళ్లాను. నాన్నను కన్న సోమ్లి దాది నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, ఢావ్లో వస్తదా నీకు, అని.

రాదన్నాను. ఆమె పడుకున్నదల్లా లేచి కూర్చుంది.

మా ఇంటి సంగతి నేను డైరీలో వివరంగా రాసుకోనక్కర లేదు. కానీ నాకే సరిగా తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఢావ్లో అంటే మా లంబాడీల ఏడుపు పాట. అత్తగారింటికి బయల్దేరే ముందు పెళ్లికూతురు తల్లినీ తండ్రినీ, అన్ననూ చెల్లెనూ ఒక్కొక్కరినే మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, ఏడుస్తూ పాడాలి. ఊరికే ఏడిస్తే లెక్కలోకి రాదు. దానికి రాగం ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఉంది. పేరు పిలిపించుకున్న మనిషి ఎంత పనిలో ఉన్నా వచ్చి వాటేసుకోవాల్సిందే. ఎవరి ఇంటి రాగం వాళ్లది. తల్లి నేర్పుతుంది.

నేను ఆరేళ్లప్పుడే హాస్టల్లో చేరాను. ఏడో తరగతిలో ఉండగా అమ్మ జ్వరంతో పోయింది. నేర్పే వయసుకు నేను ఇంట్లో లేను. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. హాస్టల్లో నేర్చుకున్నవి ప్రార్థన గీతం, ప్రతిజ్ఞ.

రాకపోతే ఏమైంది, ఈ రోజుల్లో ఎవరు పాడుతున్నారు, అన్నాను. దాదికి కోపం వచ్చింది. నువ్వు మూగెద్దు లెక్క పోతె నిన్నేమనరు పిల్లా, హేమ్లి బిడ్డకు నేర్పలేదంటరు, సచ్చినదాన్ని అంటరు, అంది. నాన్న పక్కనే తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు కానీ చెయ్యి ఆగింది.

అమ్మను ఎవరైనా ఒక మాట అంటే నేను పడను. అంతవరకు నిజం.

జనవరి 18

భద్రాచలంలో ఉన్న పూలి చిన్నమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు సొంత చెల్లెలు. ఆ ఇంటి ఢావ్లో మొత్తం తెలిసిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే. కానీ థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు గొంతు పెగలదు, అంతా గుసగుసే. మాటలు చెప్పింది, రాసుకున్నాను. రాగం ఎలా రాసుకోను?

హరిలాల్ మామ దగ్గర క్యాసెట్ ఉండాలె సూడు, అంది. ఉంది. నాకూ గుర్తుంది. అమ్మ పెళ్లి నాడు మామ రికార్డు చేసింది. అమ్మ పోయిన కొత్తలో నాన్న అడిగి వేయించుకునేవాడు. సన్నగా, గోరింక కూసినట్టు ఉంటుంది. అమ్మ గొంతు అంటే నాకు అదే.

జనవరి 20

హరిలాల్ మామ వచ్చాడు. బొగ్గు గనిలో చేసి రిటైరైన మనిషి, అమ్మకు అన్న. క్యాసెట్‌ను తువాలులో చుట్టి తెచ్చాడు. ఇచ్చి వెళ్లమంటే వెళ్లలేదు. డెక్ పక్కన స్టూలు వేసుకుని, పాట అయ్యేదాకా కూర్చుని, మళ్లీ తువాలులో చుట్టుకుని పోయాడు.

రికార్డింగ్ దరిద్రంగా ఉంది. టేపు బుసబుస, మా భాషలో హిస్, నిండా ఉంది. కుక్కలు, చంటిపిల్లలు, ఎవరో బిందె కిందపడేశారు. అమ్మ మామ పేరు పిలిచి పాడుతుండగా మధ్యలో గని సైరన్. అమ్మ పుట్టిందీ మా తండాలోనే, గనికి దగ్గర. సైరన్ అందుకోగానే అమ్మ ఆగిపోయింది. అది అయ్యేదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఆగాక అమ్మ మళ్లీ అందుకుంది.

ఎలా వస్తుందో చూద్దామని ఉన్నదున్నట్టు ఒక ట్రయల్ డిస్కు రాశాను. ప్లేయర్‌లో వింటే ఇంకా దరిద్రం. తీసి, పాడైన డిస్కులు వేసే స్పాయిల్ డబ్బాలో పడేశాను.

అమ్మ పాట విన్నావు కదా, ఎట్లుంది బిడ్డా, అని మామ వెళ్తూ అడిగాడు. ఎడమ ఛానల్ కొంచెం తక్కువ వచ్చిందని చెప్పాను.

జనవరి 23

క్లీన్ చేశాను. పొద్దుటి నుంచి ఇదే పని. హిస్ తగ్గించాను. కుక్కల్ని ఒక్కొక్కటిగా తీసేశాను. బిందె పోయింది. సైరన్ ఉన్న ముక్క మొత్తం కత్తిరించి రెండు చివరలు కలిపేశాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియడం లేదు. హార్డ్ డిస్క్ నిండా పెళ్లి వీడియోలే, ఖాళీ లేదు. అందుకని పాత ఫైల్ మీదే సేవ్ చేశాను.

జనవరి 24

4ఎక్స్‌లో రాశాను. ఇంత శుభ్రమైన సీడీ మణుగూరులో ఎవరూ చేసి ఉండరు. మామకు ఒకటి, నాకు ఒకటి.

ఫిబ్రవరి 2

నా వల్ల కావడం లేదు.

షాపులో మధ్యాహ్నం జనం ఉండరు. డార్క్ రూమ్‌లో తలుపేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అమ్మతో పాటు పాడుతున్నాను. మొదటి పిలుపు దగ్గరే గొంతు చీలిపోతోంది. అంత పైకి నా గొంతు పోదు. కిందికి దించి పాడితే రాగం నిలవదు. అమ్మ ఊపిరి తీసుకునే చోట నాకు ఊపిరి చాలదు, ముందే అయిపోతుంది. ఆమె అంత జల్దీ ఎలా పాడింది?

ఆదివారం దాది ముందు పాడాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. పిల్లిని తొక్కినట్టుంది, అంది.

ఇందులో బాధపడటానికేం లేదు. కొందరికి పాట వస్తుంది, కొందరికి సీడీ రాయడం వస్తుంది. బాబూరావు ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పాను. ఎలాగూ సౌండ్ బాక్సులు పెడతాం, మీ అమ్మ సీడీయే వేసేద్దాం, అన్నాడు. నాకు నచ్చింది. మంచి సీడీ, మంచి బాక్సులు, అమ్మ గొంతే. ఎవరు వంక పెడతారు?

దాది పెట్టింది. నేను నిన్ను పట్టుకుని ఏడ్వాల్నా, డబ్బాను పట్టుకుని ఏడ్వాల్నా, అని అడిగింది.

ఫిబ్రవరి 6

పూలి చిన్నమ్మ తండాకు వచ్చింది, పెళ్లి పనులకు. సీడీ పెట్టాను. ఆమె రెండు నిమిషాలు విని, గిది అక్క గొంతు కాదు, అంది.

అమ్మదే, నేనే చేశాను, అన్నాను. హిస్ తీసేస్తే కొత్తగా వినిపిస్తుందని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. అక్క గొంతు గింత సన్నగ లేకుండె, గింత ఉరుకులాట లేకుండె, నిమ్మళంగ పాడేది, అని గుసగుసగా, కానీ మొండిగా చెప్పింది. క్యాసెట్ ఎన్నడూ వినలేదట. అమ్మ పోయాక వినడానికి మనసు రాలేదట.

నాకు చిరాకేసింది. నా సీడీకి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

ఫిబ్రవరి 7

మామ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు ఎలా రికార్డు చేశావని అడిగాను. ఆయన సంతోషంగా చెప్పాడు. టేప్ రికార్డర్ గనిలో దోస్తుది. పొద్దుగాల నుంచి దాంట్ల పాటలు విన్నారు. పెళ్లికూతురు ఏడ్చే వేళకు సెల్లులు దిగిపోయాయి. సెల్లులు కొనేటందుకు మణుగూరు దాకా ఎవడు పోతడు బిడ్డా, గుడిసె మీద ఎండకు పెట్టి మళ్ల ఏసిన, ఎట్లనో తిరిగింది, అన్నాడు.

ఎట్లనో తిరిగింది అంటే నెమ్మదిగా తిరిగింది. రికార్డు చేసేటప్పుడు రీలు నెమ్మదిగా తిరిగితే, తర్వాత మామూలు స్పీడులో వేసినప్పుడు గొంతు సన్నగా, వేగంగా వస్తుంది. ఇది నాకు తెలియాల్సిన విషయం. చిన్నమ్మ చెప్పింది నిజమే. ఆ గోరింక అమ్మ కాదు.

సరే, క్యాసెట్ ఇవ్వు, మళ్లీ మొదటి నుంచి చేస్తాను, అన్నాను. మామ ముఖం అదోలా అయింది. నువ్వు సీడీ చేసిస్తివి కదా, ఇగ క్యాసెట్ ఊరికె ఎందుకుండాలె అని మొన్న భజన నింపిన, అన్నాడు.

రెండు వైపులా నింపాడు. వేసి చూపించాడు కూడా. తాళాలు బాగానే పడ్డాయి.

ఆయన్ను తిట్టలేదు. నేను ఫైల్ మీద ఫైల్ సేవ్ చేసినప్పుడు నన్ను ఎవరు తిట్టారు?

ఫిబ్రవరి 8

క్లీన్ చేసిన ఫైల్ ఉంది కదా, దాన్నే నెమ్మది చేస్తే సరిపోతుంది. ఎంత నెమ్మది అన్నదే ప్రశ్న.

చిన్నమ్మను షాపుకు తీసుకొచ్చాను. నాలుగు శాతం తగ్గించి వినిపించాను. గిదే, అంది. ఎనిమిది తగ్గించాను. అవ్, గిదే గిదే, అంది. పదిహేను తగ్గించేసరికి అమ్మ మగవాడిలా అయిపోయింది. చిన్నమ్మ చాలాసేపు ఆలోచించి, గిది గూడ అక్క లెక్కనే ఉన్నది, అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, నేను మర్సిపోయిన్నేమో పుష్పా, అంది.

ఇక్కడ ఒక మాట రాయాలి. నాకైతే అసలు గుర్తే లేదు. ఇన్నేళ్లూ గుర్తుందనుకున్నది క్యాసెట్ గొంతు. అమ్మ నన్ను పిలిచింది, తిట్టింది, అన్నం తినమంది. ఆ గొంతు ఏదీ లేదు. వెతికితే గోరింక ఒకటే వస్తోంది. భయమేసింది. పెళ్లి సంగతి పక్కన పెడితే, నాకు ఆ గొంతు కావాలి.

ఫిబ్రవరి 9

ఏమీ తోచలేదు. పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరించాను.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. రోజూ మోగుతుంది. రోజూ వినను. ఈ రోజు విన్నాను. చేతిలో కత్తెర ఉంది. అలాగే నిలబడిపోయాను.

అమ్మ క్యాసెట్‌లో ఉన్నదీ ఇదే సైరన్. అక్కడ సన్నగా ఉంది, ఇక్కడ ఉండాల్సినట్టు ఉంది. రెంటికీ తేడా ఎంతో కొలిస్తే, అమ్మ గొంతు ఎంత దించాలో అదే చెప్తుంది.

మామకు ఫోన్ చేసి ఆ సైరన్ మార్చారా అని అడిగాను. గదే బిడ్డా, మోటరు కాలితె మళ్ల చుట్టించిన్రు, సైరన్ అయితె గదే, నా సర్వీసంత దాని మీదనే లేసిన, అన్నాడు.

అయితే సైరన్‌ను నేను కత్తిరించి పారేశాను. అతుకు కూడా కనిపించకుండా. క్యాసెట్ మీద భజన ఉంది. సైరన్ మిగిలి ఉన్నది ఒక్క చోట, ఆ ట్రయల్ డిస్కులో.

స్పాయిల్ డబ్బా తెరిస్తే ఖాళీ. వెంకటరామారావు గారిని అడిగాను. లచ్చయ్య వచ్చి పట్టుకెళ్లాడమ్మా, జొన్న చేలో పిట్టలకి కట్టుకుంటాడంట, చెత్తేగా, నేనే ఇచ్చాను, అన్నారు. ఏదైనా పనికొచ్చేది ఉందా అని అడిగారు.

మా అమ్మ ఉందండీ అందామనుకున్నాను. ఒకటి ఉందండీ అన్నాను.

ఫిబ్రవరి 11

లచ్చయ్య చేను వాగు దాటాక ఉంది. దూరం నుంచే మెరుస్తోంది. చేను చుట్టూ, మధ్యలో అడ్డంగా దారాలు కట్టి, నా పాడైన డిస్కులన్నీ వేలాడదీశాడు. గాలికి తిరుగుతున్నాయి. జొన్న కంకి పాలుపోసుకునే వేళ. చిలకలు గట్టు మీద చెట్టెక్కి కూర్చుని అరుస్తున్నాయి కానీ చేలో దిగడం లేదు. నా పని ఇంత బాగా పనిచేయడం ఎక్కడా చూడలేదు.

ట్రయల్ డిస్కుల మీద నేను పేరు రాయను. అందుకని అన్నీ కావాలని అడిగాను. లచ్చయ్య ససేమిరా అన్నాడు. ఇవి దించితె సాయంత్రానికి చేనంత ఊడ్సుకపోతయ్, దానికెవరు జిమ్మెదారి, అని అడిగాడు. విషయం చెప్పాను. మొత్తం చెప్పాను, అమ్మ పోయిన దగ్గర్నుంచి. ఆయన వింటూ చుట్ట ఆర్పేశాడు. ఆర్పి, అయినా చిలకలకు గది తెలువది కద బిడ్డా, అన్నాడు.

నిజమే. షాపుకు పోయి పాత సాఫ్ట్‌వేర్ సీడీలు, గీతలు పడ్డ సినిమా సీడీలు సంచి నిండా తెచ్చాను. ఒకటి దించితే ఒకటి కట్టాలి, అదీ ఒప్పందం. ఇద్దరం కలిసి పొద్దుగూకేదాకా కట్టాం. దారం దూర్చడానికి ప్రతి డిస్కుకూ ఎర్రగా కాల్చిన మేకుతో బొక్క పొడిచాడు. చూస్తే ప్రాణం ఉసూరుమంది.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. సీడీ లోపలి నుంచి బయటికి రాస్తుంది. అమ్మ పాట చిన్నది. లోపలి చుట్టులోనే అయిపోతుంది. లచ్చయ్య బొక్కలన్నీ అంచున ఉన్నాయి.

ఫిబ్రవరి 12

డిస్కులు సబ్బునీళ్లతో కడిగాను. పిట్టల రెట్టలు, దుమ్ము. మెత్తటి పాత చీర ముక్కతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. ఒక్కొక్కటే పెడుతున్నాను. పెళ్లి పాటలు. ఎవరిదో ఆంజనేయ దండకం. సగంలో ఆగిపోయిన ఇంగ్లీషు పాఠాలు. డ్రైవ్ కొన్నిటిని గుర్తుపట్టక గరగరమని ఊరుకుంది.

వెంకటరామారావు గారు ఒకటి తీసుకుని చొక్కాతో గుండ్రంగా తుడవబోతే చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెయ్యి నేను పట్టుకోవడం ఇదే మొదలు.

దొరికింది. మధ్యలో టప్ టప్‌మని చిటుకులు ఉన్నాయి. కుక్కలు ఉన్నాయి. బిందె ఉంది. సైరన్ ఉంది.

ఫైల్‌కు కొత్త పేరు పెట్టి రెండు చోట్ల సేవ్ చేశాను.

ఫిబ్రవరి 13, ఆదివారం

మైకు, పొడుగు వైరు మేడ మీదికి లాగి మధ్యాహ్నం సైరన్ రికార్డు చేశాను. స్క్రీన్ మీద రెండు సైరన్ల గ్రాఫ్‌లూ పక్కపక్కన పెట్టాను. క్యాసెట్ సైరన్ గీత పైన ఉంది, మేడ మీద సైరన్ గీత కింద ఉంది. పైదాన్ని కొంచెం కొంచెం దించుతూ వచ్చాను. పదకొండు శాతం దగ్గర రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. వోల్టేజీని బట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. ఇంతకంటే దగ్గరగా నా వల్ల కాదు.

తర్వాత పాట మొదటికి వెళ్లి ప్లే నొక్కాను.

బొంగురు గొంతు. తొందర లేదు. పిలుపు పైకి పోదు, ఛాతీలోనే తిరిగి కిందికి దిగుతుంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మైకు ఆన్‌లో ఉందేమో, నేనే పాడానేమో అనిపించింది. ఫోన్‌లో జనం సార్ అనే గొంతు ఇది. నాది. నాకంటే ముందు అమ్మది.

నేను అమ్మతో పాటు అందుకున్నాను. గొంతు చీలలేదు. ఆమె ఊపిరి తీసుకున్న చోట నాకూ ఊపిరి అయింది, ముందు కాదు, తర్వాత కాదు. నాకు పాట రాక కాదు. దిగిపోయిన సెల్లులతో పోటీపడి పాడుతున్నాను ఇన్నాళ్లూ.

చిన్నమ్మను పిలిపించి చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టాను. ఈసారి గిదే అని కూడా అనలేదు. కదలకుండా వింది. సైరన్ వచ్చింది, అమ్మ ఆగింది, మళ్లీ అందుకుంది. మామ తర్వాత వంతు చెల్లెలిది. పూలీ అని అమ్మ పిలవగానే చిన్నమ్మ గబుక్కున లేచి నిలబడింది. పిలిస్తే పోయి వాటేసుకోవాలి కదా. అటు చూసింది, ఇటు చూసింది. ఇయర్‌ఫోన్స్ వైరు లాక్కుపోయి కిందపడింది. చివరికి నన్ను వాటేసుకుని, గుసగుసగా, గాలి తప్ప ఏమీ లేని గొంతుతో జవాబు పాట పాడింది.

నాకు ఏడుపొచ్చింది. రాగం లేని ఏడుపు, లెక్కలోకి రానిది. చాలాసేపు ఏడ్చాను.

వెంకటరామారావు గారు షట్టర్ సగం దించి బయట నిలబడ్డారు. కరెంట్ లేదండీ, రేపు రండి, అని ఎవరికో చెప్తున్నారు. కరెంట్ ఉంది.

ఫిబ్రవరి 20

చివరి కాపీ రాశాను. చిటుకులు తీసేశాను. హిస్ సగమే తీశాను, మొత్తం తీస్తే అమ్మ ఊపిరి పోతోంది. కుక్కల్ని వదిలేశాను. సైరన్ ఏం చేయాలో చాలా ఆలోచించాను. ఉంచితే చెవులు చిల్లులు పడుతున్నాయి, దాని పని కూడా అయిపోయింది. కత్తిరించి అతికితే, ఆగాక అమ్మ కొత్తగా అందుకున్న తీరు అర్థం లేకుండా పోతోంది. అందుకని సైరన్ సౌండ్ తీసేసి, ఆ ఖాళీని అలాగే ఉంచాను.

మామకు ఒకటి, చిన్నమ్మకు ఒకటి, నాకు ఒకటి. నాలుగోది డబ్బాలో పెట్టి తాళం వేశాను.

మామ క్యాసెట్‌కు బదులుగా భజన సీడీ చేసిపెట్టమన్నాడు. చేస్తాను.

మార్చి 13

దాది ముందు పాడాను. నవ్వలేదు.

ఏప్రిల్ 26, అశ్వారావుపేట

పెళ్లయి రెండు రోజులైంది. ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. చుట్టూ పామాయిల్ చెట్లు, మిల్లు వాసన. బాబూరావు మంచివాడే. కంప్యూటర్ పెట్టుకోవడానికి కిటికీ లేని గది చూపించాడు, దుమ్ము రాదని. నా మనసు తెలిసిన మనిషే అనిపించింది.

సౌండ్ బాక్సులు పెట్టారు, సినిమా పాటలకు. నేను బయల్దేరే వేళకు నాన్నే పోయి వైరు పీకేశాడు.

మొదట నాన్నను పట్టుకున్నాను. ఆయన పేరు భద్రు. ఆ పేరు నేను నోటితో పలకడం అదే మొదటిసారి. గొంతు వణికింది కానీ నిలిచింది. రెండో పిలుపుకే ఆడవాళ్ల మాటలు ఆగాయి. ముసలివాళ్లు దగ్గరికి జరిగారు. నాన్న నా భుజం మీద తలపెట్టి, హేమ్లీ అన్నాడు. పుష్పా అనలేదు.

తర్వాత దాది. తర్వాత హరిలాల్ మామ. మామ దగ్గర ఒకటి జరిగింది. పాట మధ్యలో నేను ఆగిపోయాను. కావాలని కాదు. అమ్మ అక్కడ ఆగింది. నేను నేర్చుకున్న పాటలో అక్కడ ఖాళీ ఉంది. షిఫ్టు వేళ కాదు, సైరన్ లేదు, ఏమీ లేదు. నేను మామ మెడ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. నాకది తప్పని కూడా తోచలేదు.

మర్సిపోయిందా ఏంది, అని ఎవరో అన్నారు. దాది ముందుకు రాబోయింది. చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆగున్రి, గాడ అక్క ఆగింది, అంది గుసగుసగా. అంతా అంత నిశ్శబ్దంగా ఉంటే ఆ గుసగుస అందరికీ వినిపించింది. మామ ఏడుపు ఆపి తల ఎత్తి, గని వైపు చూశాడు. అందరం ఆగాం. సైరన్ ఆగే దాకా ఎంతసేపో అంతసేపు.

తర్వాత అందుకున్నాను.

నేను బండెక్కేటప్పుడు దాది పక్కింటామెతో గట్టిగా, అందరికీ వినబడేట్టు, హేమ్లి నేర్పింది, అంది.

బాబూరావు వైపు ఆడవాళ్లు అది మా తండా పద్ధతి అనుకున్నారట. మంచి పద్ధతి అన్నారట. సీడీ కాపీ ఇమ్మని ఒకరిద్దరు అడిగారు. ఇచ్చాను. తర్వాత ఎవరెవరు ఎన్ని కాపీలు చేసుకున్నారో, ఏ స్పీడులో చేశారో నాకు తెలియదు.

మే 7, 2006

ఇక్కడి తండాలో, మిల్లులో బాబూరావుతో పనిచేసే దేవ్లా చెల్లెలి పెళ్లికి వెళ్లాను. ఈ చుట్టుపక్కల గని లేదు, సైరన్ లేదు. ఆ పిల్ల మేనమామను పట్టుకుని పాడుతూ పాడుతూ మధ్యలో ఆగింది. తండా అంతా ఆగింది. చంటిపిల్ల ఏడవబోతే తల్లి నోరు మూసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎంతసేపు ఆగాలో అందరికీ తెలుసు.